అమ్మ డొక్కలో పోటు, నా స్క్రీన్ మీద ఆర్10.9

మా అమ్మకి కడుపునొప్పి అంటే ఒకటే నొప్పి కాదు. బొడ్డు చుట్టూ మెలిపెడితే ఒకటి, పొత్తికడుపు గుంజితే ఇంకోటి, రొమ్ముల మధ్య కింద గుంటలో మండితే దాన్ని నొప్పి అని కూడా అనదు, మంట అంటుంది, మజ్జిగ తాగి పడుకుంటుంది. డొక్కలో పోటొస్తేనే ఫోన్ చేస్తుంది. 2025 మే నెలలో ఒక రాత్రి పదకొండు దాటాక చేసింది, "ఒలే గుంటా, ఎడం డొక్కలో పోటొస్తందే, నాలుగు రోజులయ్యింది, నీకు సెప్పొద్దన్నాడు మీ నాన్న" అని. నేనప్పుడు మెడికల్ కోడింగ్ డ్యూటీలో ఉన్నాను. స్క్రీన్ మీద అమెరికాలో ఎక్కడో ఎమర్జెన్సీకి వచ్చిన ఒకావిడ చార్ట్ తెరిచి ఉంది, ఆవిడకీ కడుపునొప్పే, అన్ని టెస్టులూ చేసి ఏమీ దొరక్క ఇంటికి పంపించేశారు, నేను ఆర్10.9 కొట్టబోతున్నాను, కడుపునొప్పి ఉంది, ఎక్కడో రాయలేదు అని చెప్పే కోడ్ అది.

మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో ఒక ఊరు. ఆ చుట్టుపక్కలంతా కలిపి ఉద్దానం అంటారు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఈ పేర్లు వింటే ఎవరికైనా ముందు కొబ్బరితోటలు, జీడితోటలు గుర్తొస్తాయి, తరవాత ఊరూరా ఉన్న కిడ్నీ జబ్బు గుర్తొస్తుంది. మా ఊళ్ళో బడి మొహం చూడని ముసలమ్మలు కూడా "క్రియాటినిన్ ఎంతొచ్చిందే" అని అడుగుతారు, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష అది, 1 అంటే అమ్మయ్య అనుకుంటారు, 4 అంటే మాట మార్చేస్తారు. ఆ జబ్బుకి కారణం నీళ్ళు అన్నారు, సిలికా అన్నారు, పురుగుమందులు అన్నారు, ఎండలో దాహానికి సరిగ్గా నీళ్ళు తాగకుండా పని చెయ్యడం అన్నారు, వంశంలో ఉందేమో అన్నారు, ఎంతోమంది వచ్చి రక్తం తీసుకెళ్ళారు, నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళారు, ఇదీ కారణం అని ఒక్కటి గట్టిగా తేలలేదు. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చింది, హిరమండలం రిజర్వాయరు నుంచి పైపుల్లో నీళ్ళొచ్చాయి, రెండూ మంచివే, కానీ ఎందుకొస్తుంది అన్న ప్రశ్న ప్రశ్నలాగే ఉంది. అందుకని మావైపు ఎవరైనా డొక్క పట్టుకున్నారంటే ఇంట్లో వాళ్ళందరికీ కాళ్ళల్లో సత్తువ పోతుంది. నిజానికి ఆ జబ్బు మొదట్లో నొప్పే పెట్టదు, చప్పుడు చెయ్యకుండా ముదిరిపోతుంది, అదే దాంతో కష్టం, ఆ సంగతి నాకు తెలుసు, తెలిసినా ఆ రాత్రి నా చేతులు వణికాయి.

నా పని గురించి చెప్పాలి, ఎందుకంటే మా చుట్టాల్లో సగం మందికి నేను "కంప్యూటర్ జాబ్" చేస్తానని తప్ప ఇంకేమీ తెలీదు. శ్రీకాకుళంలో బీఎస్సీ మైక్రోబయాలజీ చేశాను, అమీర్‌పేటలో కొన్ని నెలలు కోడింగ్ నేర్చుకున్నాను, సీపీసీ అని కోడర్ల సర్టిఫికెట్ పరీక్ష రాశాను, నాలుగు గంటల్లో వంద ప్రశ్నలు, 70 శాతం వస్తే పాస్. ఇప్పుడు శ్రీకాకుళం టౌన్లో అద్దె ఇంట్లో కూర్చుని అమెరికా ఆసుపత్రుల ఎమర్జెన్సీ చార్ట్‌లు కోడ్ చేస్తాను. డాక్టర్ రాసింది మొత్తం చదివి, రోగికి ఏమైందో ఐసీడీ-10-సీఎం అనే పుస్తకంలో ఉన్న కోడ్‌లోకి మార్చాలి. అమెరికాలో ఈ పుస్తకం 2015 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, అంతకుముందు ఐసీడీ-9 ఉండేది, మాకు నేర్పిన మేడమ్ అప్పటికీ కడుపునొప్పి అంటే 789 అనీసేది, అంత అలవాటు ఆవిడకి.

ఎమర్జెన్సీ చార్ట్‌ల్లో కడుపునొప్పి లేని రోజు నాకు ఒక్కటీ గుర్తు లేదు. జబ్బు పేరు తేలిపోతే మాకు తేలిక, పిత్తాశయంలో రాళ్ళుంటే కె80, కిడ్నీలో రాయి ఉంటే ఎన్20, ఆ జబ్బుకి మామూలుగా వచ్చే నొప్పిని మళ్ళీ విడిగా రాయక్కర్లేదు, నొప్పి ఆ జబ్బులోనే కలిసిపోయింది కాబట్టి. ఏమీ తేలకపోతేనే ఆర్ అక్షరంతో మొదలయ్యే అధ్యాయానికి రావాలి, అందులో కడుపునొప్పి ఆర్10. దీన్ని చాలామంది కొత్తవాళ్ళు చిన్న విషయం అనుకుంటారు, ఆర్10.9 కొట్టేసి తరవాతి చార్ట్‌కి వెళ్ళిపోతారు, కానీ ఆర్10 లోపల ఒక కడుపు మొత్తం పటం గీసి ఉంటుంది. పైన కుడివైపు ఆర్10.11, పైన ఎడమవైపు ఆర్10.12, రొమ్ముల కింద గుంట ఆర్10.13, కింద కుడి ఆర్10.31, కింద ఎడమ ఆర్10.32, బొడ్డు చుట్టూ ఆర్10.33. మా అమ్మ పేర్లు పెట్టి వేరు చేసినట్టే ఉంటుంది. మొదటిసారి ఆ పేజీ చూసినప్పుడు నాకు నిజంగా అమ్మే గుర్తొచ్చింది.

ఇందులో నాకు బాగా ఇష్టమైన తేడా ఒకటుంది. ఆర్10.84 అంటే నొప్పి కడుపంతా ఉందని, ఆర్10.9 అంటే ఎక్కడుందో డాక్టర్ రాయలేదని. వినడానికి రెండూ ఒకటే అనిపిస్తాయి, కాదు. "కడుపంతా నొప్పి" అనేది రోగి చెప్పిన మాట, డాక్టర్ చూసి రాసిన మాట. "ఎక్కడో తెలీదు" అనేది కాగితంలో ఖాళీ. ఖాళీని ఖాళీ అనే చెప్పాలి, దాన్ని "కడుపంతా" అని నింపకూడదు. మా టీమ్‌లో కొత్తగా చేరిన పిల్లలకి నేను చెప్పే మొదటి మాట ఇదే. రెండో మాట, "అక్యూట్ అబ్డామినల్ పెయిన్" అని కనపడగానే అక్యూట్ అబ్డామెన్ కోడ్ ఆర్10.0 కి పరిగెత్తకండి అని. అక్యూట్ అబ్డామెన్ అంటే వేరు, విపరీతమైన నొప్పితో కడుపు చెక్కలా బిగిసిపోవడం, సర్జన్‌ని నిద్ర లేపాల్సిన పరిస్థితి. నిన్న సాయంత్రం మొదలైన నొప్పి కూడా అక్యూటే కదా, అది వేరే సంగతి. ఒక్క పదం తేడా, కానీ చదివేవాడికి అక్కడ వేరే మనిషి కనపడతాడు.

ఇంకోటి, డాక్టర్ చివర్లో ఉత్తినే "అబ్డామినల్ పెయిన్" అని రాసినా, పైన ఆయనే రాసిన హిస్టరీలోనో పరీక్షలోనో కింద కుడివైపు అని ఉంటుంది చాలాసార్లు. ఓపిగ్గా చదివితే దొరుకుతుంది. రాగానే ముందు చూసే ట్రయాజ్ నర్సు రాసింది ఒక్కటే పట్టుకుని నేను దానికి కోడ్ వెయ్యను, వైద్యం చేసిన డాక్టరో ఆ స్థాయి వాళ్ళో రాసింది చూస్తాను. ఒక్కో చార్ట్‌కి ఉండే నిమిషాల్లో ఇది చెయ్యడం కష్టం, టార్గెట్ ఉంటుంది, 95 శాతం ఆక్యురసీ కావాలంటారు, అయినా చదవాల్సిందే.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. చేరిన మొదటి ఏడాది, పంతొమ్మిదేళ్ళ కుర్రాడి చార్ట్, కింద కుడివైపు నొప్పి, డాక్టర్ "రూల్ అవుట్ అపెండిసైటిస్" అని రాశాడు, అంటే అపెండిసైటిస్ అవునో కాదో తేల్చుకోవాలని, నేను కె35.80 కొట్టాను, అంటే అక్యూట్ అపెండిసైటిస్. ఆడిట్‌లో పట్టుకున్నారు. అవుట్‌పేషెంట్, ఎమర్జెన్సీ చార్ట్‌ల్లో "అనుమానం", "ఉండొచ్చు", "రూల్ అవుట్", "వర్కింగ్ డయాగ్నసిస్" అని ఉన్నదేదీ జబ్బుగా కోడ్ చెయ్యకూడదని గైడ్‌లైన్స్‌లో స్పష్టంగా ఉంది, తెలిసినంతవరకే రాయాలి, అంటే ఆ కుర్రాడికి ఆర్10.31. నాకు ఆ నియమం పరీక్షలో వచ్చింది, సరిగ్గా రాశాను కూడా, కానీ పనిలో కంగారులో మర్చిపోయాను. మార్కులు తగ్గాయని నేను బాధపడలేదు. ఆ కుర్రాడికి అపెండిసైటిస్ లేదు, వాడి కడుపు మీద కోత లేదు, వాడి పేరు మీద మాత్రం ఎప్పటికీ ఆ జబ్బు ఉండిపోయేది, ఎవరో ఆడిటర్ చూశారు కాబట్టి సరిపోయింది. ప్రశ్నార్థకం ఒకటి నా చేతిలో నుంచి జారిపోతే అక్కడ ఒక మనిషికి లేని జబ్బు వచ్చేస్తుంది. ఆరోజు నుంచి కడుపునొప్పి చార్ట్‌ని నేను తొందరగా మూయలేదు.

(అడ్మిట్ అయ్యి డిశ్చార్జ్ అయినవాళ్ళకి నియమం తిరగబడుతుంది, డిశ్చార్జ్ అప్పటికి కూడా "ప్రాబబుల్" అని ఉంటే ఉన్నట్టే లెక్కేసి ఆ ఆసుపత్రి కోడ్ చేస్తుంది. ఎందుకలా అంటే, ఆ అనుమానానికి తగ్గ పరీక్షలు, వైద్యం జరిగిపోయాయని. నాకు ఇప్పటికీ ఇది మనసుకి పూర్తిగా పట్టదు, కానీ నియమం నియమమే.)

ఆ రాత్రి అమ్మ విషయానికి వస్తాను. తెల్లారేసరికి నాన్న ఆమెని బస్సులో తీసుకొచ్చీసాడు, నేను కాంప్లెక్స్ దగ్గర ఎదురెళ్ళి ఆటోలో ఒక ప్రైవేట్ ఆసుపత్రికి తీసుకెళ్ళాను. నొప్పికి నిలబడలేకపోతోంది, చేర్చుకున్నారు. రక్తం తీశారు, మూత్రం చూశారు, అల్ట్రాసౌండ్ చేశారు, మర్నాడు సీటీ చేశారు. క్రియాటినిన్ 0.8. ఆ కాగితం చూసి నాన్న గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు, ఎంతసేపో మాట్లాడలేదు. రాళ్ళు లేవు, వాపు లేదు, మూత్రంలో ఇన్ఫెక్షన్ లేదు. రెండో రోజు సాయంత్రానికి నొప్పి దానంతటదే తగ్గింది. డాక్టర్‌గారు మంచాయన, కూర్చోబెట్టి చెప్పారు, "ప్రమాదమైనవేవీ కనపడలేదమ్మా, ఎందుకొచ్చిందో మాత్రం చెప్పలేను, మళ్ళీ వస్తే రండి" అని. అమ్మకి ఆ మాట నచ్చలేదు. ఇంత ఖర్చు పెట్టించి ఏటీ లేదంటాడేటి అని గొణిగింది. నాకు మాత్రం ఆయన కాళ్ళకి దండం పెట్టాలనిపించింది, తెలీనిది తెలీదని రోగి ముందు చెప్పడానికి ధైర్యం కావాలి.

డిశ్చార్జ్ సమ్మరీలో ఆయన రాసింది, పెయిన్ అబ్డామెన్, ఫర్ ఎవాల్యుయేషన్, అంటే కడుపునొప్పి, ఎందుకో పరీక్షించి చూడాలి అని. మన ఆసుపత్రుల్లో ఇలా రాయడం మామూలే. అమ్మానాన్నలకి నేను రెండేళ్ళ క్రితం ఒక హెల్త్ పాలసీ తీసుకున్నాను, నా జీతంలో నుంచి కడతాను. ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గర కూర్చున్న కుర్రాడు ఆ కాగితం చూసి చిన్నగా, "మేడమ్, ఇలా ఉంటే రాదు. డాక్టర్‌గారితో మాట్లాడి అక్యూట్ గాస్ట్రైటిస్ అని మార్పిస్తాను, అప్రూవల్ అయిపోద్ది" అన్నాడు. గాస్ట్రైటిస్ అంటే పొట్ట లోపలి పొర వాపు. వాడిది చెడ్డ ఉద్దేశం కాదు, రోజూ మాలాంటి వాళ్ళు బిల్లు చూసి ఏడవడం చూస్తూ ఉంటాడు, సాయం చేద్దామనే అన్నాడు. మన హెల్త్ పాలసీల్లో చాలావాటిలో ఒకేలా రాసుండే మినహాయింపు ఒకటుంది, ఇన్సూరెన్స్ కంపెనీలకి నియమాలు పెట్టే ఐఆర్‌డీఏఐ ఇచ్చిన ప్రామాణిక మాటలే, ఎక్స్‌క్లూజన్ 04, కేవలం పరీక్షల కోసం, ఎవాల్యుయేషన్ కోసం ఆసుపత్రిలో చేరితే ఆ ఖర్చు ఇవ్వరని. ఊరికే చెకప్‌లకి చేరేవాళ్ళని ఆపడానికి పెట్టిన మాట అది, నాకు అర్థమవుతుంది. కానీ మా అమ్మ చెకప్‌కి వెళ్ళలేదు కదా, మంచం మీద ముడుచుకుపోయి పళ్ళు కొరుక్కుంటూ వెళ్ళింది.

నేను వద్దన్నాను. చెప్పినంత తేలిగ్గా అనలేదు, అరగంట ఆ బెంచీ మీద కూర్చున్నాను. బిల్లు 31,600. అమ్మకి గాస్ట్రైటిస్ లేదు, ఉందని ఏ డాక్టరూ అనలేదు, ఎండోస్కోపీ చెయ్యలేదు. ఈరోజు డబ్బు కోసం రాయించుకున్న పేరు రేపు ఇంకో పాలసీకి అప్లై చేసినప్పుడు ముందునుంచీ ఉన్న జబ్బు అయ్యి కూర్చుంటుంది, దానికి 36 నెలల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు. అంతకన్నా నన్ను ఆపింది ఇంకోటి, మళ్ళీ ఎప్పుడైనా అదే డొక్కలో పోటొస్తే కొత్త డాక్టర్ పాత కాగితం తిరగేసి "ఓహో గాస్ట్రైటిస్" అని గ్యాస్ మాత్ర రాసి పంపేస్తే? డొక్క సంగతి ఇంకెవరు చూస్తారు? ఉద్దానం మనిషికి డొక్క సంగతి చూడకుండా వదిలేస్తే ఏమవుతుందో నేను మా పక్కింట్లో చూశాను, ఎదురింట్లో చూశాను.

క్లెయిమ్ తిరగ్గొట్టారు. నేను నొప్పి ఎంత ఉందో, ఏ మందులు ఎక్కించారో, ఎన్ని గంటలు సెలైన్ మీద ఉందో కాగితాలన్నీ పెట్టి మళ్ళీ రాశాను, అదే జవాబు. నాన్న ఏమీ అనలేదు, జీడిపిక్కలు అమ్మిన డబ్బు రుమాలులో కట్టి తెచ్చి నా ముందు పెట్టాడు, నేను తీసుకోలేదు, ఆయన వెనక్కి తీసుకోలేదు, ఆ రుమాలు రెండు రోజులు అలాగే టీవీ పక్కన ఉంది.

నాకు కోపం ఎక్కడొచ్చిందంటే, నేను రోజూ రాత్రి కోడ్ చేసే అమెరికాలో ఇదే మాటకి ఇంకో విలువ ఉంది. అక్కడ ఆసుపత్రి పంపే బిల్లు ఫారంలో చివరికి తేలిన జబ్బుకి ఒక గడి ఉంటుంది, రోగి ఎందుకు వచ్చాడో చెప్పడానికి వేరే గడి ఉంటుంది, ఎమర్జెన్సీకి పరిగెత్తుకొచ్చినప్పుడు ఆ మనిషి ఏమని వచ్చాడో అది అక్కడ ఉండాలి. మామూలు తెలివి ఉన్న మనిషి ఎవరైనా ఆ నొప్పికి భయపడి వచ్చేవాడేనా అన్నదే చూడాలి, చివరికి ఏమీ లేదని తేలింది కాబట్టి ఇవ్వం అనకూడదని అక్కడ చట్టంలో ఉంది, 1997లో మెడికేర్‌కి, అంటే ముసలివాళ్ళకి అక్కడి ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్‌కి తెచ్చారు, 2010 చట్టంతో ప్రైవేటు పాలసీలకీ వచ్చింది. అక్కడ తిరగ్గొట్టడం లేదని కాదు, బోలెడన్ని డినయల్స్ చూస్తాను, అక్కడి బిల్లులు చూస్తే మనకి గుండె ఆగుతుంది. కానీ "ఎందుకో తెలీదు" అనే మాట అక్కడ ఒక జవాబుగా చెల్లుతుంది. ఇక్కడ ఆ మాట రాసిన డాక్టర్ నిజాయితీకి మేము 31,600 కట్టాం. రేపు ఇంకో డాక్టర్ రోగి మీద జాలితో ఏదో ఒక పేరు రాసేస్తాడు, ఆ పేర్లన్నీ కలిపి లెక్కేస్తే మన జిల్లాలో జనానికి అసలు ఏం జబ్బులున్నాయో ఎలా తెలుస్తుంది? ఉద్దానంలో ఇన్నాళ్ళు కారణం వెతుకుతున్నవాళ్ళకి కావాల్సింది ముందు సరైన కాగితాలు. ఎవరికి ఏ వైపు నొప్పి, ఎప్పటినుంచి, ఏం తేలింది, ఏం తేలలేదు. తేలనివాటిని కూడా తేలలేదనే రాసిపెట్టిన కాగితాలు.

డొక్క గురించి ఒక మాట. 2025 సెప్టెంబర్ దాకా మా పుస్తకంలో డొక్కకి సొంత కోడ్ లేదు. "ఫ్లాంక్ పెయిన్" అని డాక్టర్ ఎంత స్పష్టంగా రాసినా, పుస్తకం వెనక ఇండెక్స్ పట్టుకుని వెళ్తే మమ్మల్ని తీసుకెళ్ళి ఆర్10.9 దగ్గరే వదిలేది, ఎక్కడో చెప్పని నొప్పి కింద. డాక్టర్ చోటు చెప్పాడు, రోగి చెయ్యి పెట్టి చూపించాడు, అయినా లెక్కల్లో చోటు లేదు. ఏళ్ళ తరబడి నాకు ఇది ముల్లులా ఉండేది. 2025 అక్టోబర్ 1న కొత్త కోడ్‌లు వచ్చాయి, ఆర్10.ఏ1 కుడి డొక్క, ఆర్10.ఏ2 ఎడమ డొక్క, ఆర్10.ఏ3 రెండు వైపులా. ఆ అప్‌డేట్ ట్రైనింగ్‌లో మిగతావాళ్ళు స్లైడ్లు తిప్పేస్తుంటే నేను ఆ ఒక్క స్లైడ్ ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను. అమ్మకి చూపిస్తే "నా డొక్కకి అమెరికావోడు నంబరిచ్చాడేటి" అని నవ్వింది.

తరవాత నేను ఊరెళ్ళినప్పుడు అమ్మకి ఒక పాత క్యాలెండర్ ఇచ్చాను. నొప్పొచ్చిన రోజు ఆ తేదీ గడిలో తన మాటల్లోనే రాయమన్నాను, ఆమెకి రాయడం వచ్చు, ఐదో తరగతి దాకా చదివింది. పోటా, మెలికా, మంటా, ఎడమా కుడా, తిన్నాకా తినకముందా, మూత్రానికి వెళ్తే మంట ఉందా, జ్వరం ఉందా. మన భాషలో నొప్పికి ఇన్ని మాటలుండి కూడా డాక్టర్ ముందు కూర్చోగానే అందరం "కడుపునొప్పి సార్" అని ఒక్క మాటలో ఊరుకుంటాం, ఆయన ఒక్క మాటే రాస్తాడు, నాలాంటిది ఎక్కడో కూర్చుని ఆ ఒక్క మాటకే కోడ్ వేస్తుంది. కడుపు బిగుసుకుపోయినా, వాంతులు ఆగకపోయినా, జ్వరంతో నొప్పి వచ్చినా రాయడం గీయడం మానీసి వెంటనే ఆటో ఎక్కమని కూడా చెప్పాను.

నవంబర్‌లో మళ్ళీ వచ్చింది, ఈసారి తక్కువగా. అదే డాక్టర్‌గారి దగ్గరికి వెళ్ళాం. "ఎక్కడమ్మా?" అన్నారు. అమ్మ క్యాలెండర్ మడిచి సంచీలో నుంచి తీసింది, బల్ల మీద పెట్టింది, తరవాత ఎడమచెయ్యి నడుం పైన పెట్టి, "ఇక్కడ బాబూ, పక్కటెముక కింద మొదలై ఎనక్కి పోద్ది, ముందుకి రాదు, కూకుంటే ఉంటాది, నడిస్తే తగ్గుద్ది" అంది. ఆయన క్యాలెండర్ మొత్తం తిరగేశారు, అమ్మ రాత చదవడానికి కళ్ళజోడు పెట్టుకున్నారు. క్రియాటినిన్ మళ్ళీ చేయించారు, 0.8. నేను ఆయన భుజం మీద నుంచి చీటీ వైపు చూశాను. లెఫ్ట్ ఫ్లాంక్ పెయిన్, కాజ్ నాట్ ఫౌండ్, నడిస్తే తగ్గుతోంది, మూడు నెలలకి మళ్ళీ క్రియాటినిన్.